తొంభై రెండో నిమిషం

మూడో అంతస్తు, హెడ్‌ఫోన్ల గది
మార్చి 4

వదినా,

నువ్వు చెప్పినట్టే ఇంటికి కాకుండా నీ మందుల షాపు అడ్రసుకే రాస్తున్నాను. ఇంటికి రాస్తే అన్నయ్య చించి చదివి, నా గొంతుతో పక్కింటివాళ్ళకి కూడా వినిపిస్తాడు. ఫోన్ చేద్దామంటే, రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకున్న చెవులు సాయంత్రానికి కాలిన పెనాల్లా ఉంటున్నాయి.

కొత్త పని వచ్చింది. పరాయి భాష సినిమాలకి కింద మన అక్షరాలు వేసే పని నాదని నీకు తెలుసుగా. ఇన్నాళ్ళూ ఏడుపు సినిమాలే ఇచ్చారు. ఏడుపు సుఖం వదినా, నిమిషానికి రెండు మాటలు. ఇప్పుడిచ్చింది ఎనభై ఏళ్ళ కిందటి నలుపు తెలుపు కామెడీ. తొంభై ఒక్క నిమిషాలు, పదకొండు వందల నలభై డైలాగులు! ఒకళ్ళు నోరు మూసేలోపు ఇంకొకళ్ళు తెరుస్తారు. లైనుకి ముప్ఫై ఎనిమిది అక్షరాలే పడతాయి. ఏ మాట ఉంచాలో ఏది కోయాలో తెలీక జుట్టు పీక్కుంటున్నాను. అయినా ఇంత హాయిగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

కథ చెప్తాను. ఓడల కంపెనీ ఆయన కూతురు, దేశాల పటాలు గీసేవాడు. పటం తీసుకుని రైలెక్కబోతూ పొరపాటున ఆమె కారెక్కుతాడు. ఆ కార్లో ఒక బాతు. బాతు పటంలో సగం ఖండాన్ని మింగేస్తుంది. ఇహ బాతు వెనక వీళ్ళు, వీళ్ళ వెనక పోలీసులు, పోలీసుల వెనక ఆమెని చేసుకోబోయే పెళ్ళికొడుకు. పెళ్ళికొడుకు చేతిలో ఎప్పుడూ గొడుగు. ఏం జరిగినా "ఇది సబబేనా?" అంటాడు. చివరికి ఆ పిల్ల పెళ్ళి నుంచి కిటికీలోంచి దూకి పటాలవాడితో పారిపోతుంది. గొడుగాయన వానలో నిలబడిపోతాడు, గొడుగు మూసే ఉంటుంది. నలభైసార్లు చూశాను, నలభైసార్లూ నవ్వాను.

నువ్వూ అన్నయ్యా అలా చేసుకున్నవాళ్ళే కదా! అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఇంకొకాయనతో నీ పెళ్ళినాడు పొద్దున్నే అన్నయ్య ఐసు లారీ వేసుకొస్తే నువ్వు గోడ దూకి ఎక్కావు. ఐసు మీద కూచుని మన ఇంటికి చేరేసరికి నీకు జలుబు. ఇంతకంటే గొప్ప సినిమా ఉందా?

నా పెళ్ళికొడుకేమో కళ్ళజోళ్ళ షాపాయన. జూన్ ఇరవైన రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. మంచివాడే. చాలా మంచివాడు. మొన్న బస్సులో కావాలని ఆయన కాలు తొక్కాను, ఏమంటాడో చూద్దామని. "మీకు నిలబడ్డానికి చోటు సరిపోతోందా?" అన్నాడు. వదినా, నేను గొడుగాయన్ని చేసుకుంటున్నాను!

నీ ఆడపడుచు

*

మందుల షాపు
మార్చి 11

అమ్మాయ్,

నీ ఉత్తరం మధ్యాహ్నం బేరాలు తగ్గాక చదివాను. దగ్గు మందుకొచ్చిన పెద్దాయన, నేను నవ్వుతుంటే తన దగ్గుకే నవ్వుతున్నాననుకుని అలిగి వెళ్ళిపోయాడు. ఆ పాపం నీ ఖాతాలోకే.

నాకు కొన్ని సందేహాలు. ఖండం మింగిన బాతు ఆ తర్వాత ఎక్కడెక్కడ ఏం చేసింది? ఎవరు కడిగారు? పోలీసులు, కార్లు, ఒకళ్ళ వెనక ఒకళ్ళు పరుగు అంటున్నావు. దారిలో పగిలినవాటి సంగతేంటి? సినిమాలో డబ్బున్నవాళ్ళు పిచ్చిపనులు చేస్తే సరదా. నేను ఇక్కడ ఒక మాత్రకి బదులు ఇంకోటిచ్చి "సరదాకి" అంటే ఊరుకుంటారా?

ఇక నీ పెళ్ళికొడుకు. కాలు తొక్కితే చోటు అడిగినవాడిని తిట్టిన ఆడదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. మా షాపుకి వచ్చేవాళ్ళలో కాలు తొక్కితే చెయ్యెత్తే మొగుళ్ళున్నారు. వాళ్ళ పెళ్ళాలు కొనే ఆయింట్‌మెంటు ఏదో నాకు చూడకుండా తెలుసు.

ఐసు లారీ కథ బాగానే గుర్తుంచుకున్నావు.

సినిమా పంపు. చూడకుండా తిట్టడం నా అలవాటు కాదు. చూసి తిడతాను.

వదిన

*

హెడ్‌ఫోన్ల గది
మార్చి 29

వదినా,

పెన్‌డ్రైవులో సినిమా పంపుతున్నాను. మా బాసుకి తెలిస్తే నా ఉద్యోగం బాతు మింగినట్టే. కాబట్టి అన్నయ్యకి చూపించకు. చూపిస్తే బాతు వేషం కట్టి ఊరంతా తిరుగుతాడు.

నిన్న ఇంకో పరీక్ష పెట్టాను. కళ్ళజోళ్ళాయనా నేనూ హోటల్‌కి వెళ్ళాం. సినిమాలో అచ్చం అలాంటి సీను ఉంది: ఆ పిల్ల మేనేజర్ని పిలిచి "ఈ మనిషెవరో నాకు తెలీదు" అంటుంది, పటాలవాడు తడుముకోకుండా "నేను ఈవిడ డాక్టర్ని, ఈవిడ రోజూ ఇలాగే అంటుంది" అంటాడు. ఆ తర్వాత నాలుగు నిమిషాలు బాణాసంచా. సరే, నేనూ మేనేజర్ని పిలిచాను. "ఈయనెవరో నాకు తెలీదండీ, వచ్చి నా బల్ల దగ్గర కూచున్నారు" అన్నాను. అందరూ ఇటే చూస్తున్నారు. నేను ఎదురుచూస్తున్నాను, ఇప్పుడేదో అంటాడు, ఇప్పుడేదో అంటాడని.

ఆయన చెంచా కింద పెట్టాడు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. ఈలోపు పటాలవాడైతే ఆరు డైలాగులు చెప్పేవాడు. తర్వాత మెల్లగా, "నిజమేనండీ. ఈవిడకి నేనింకా తెలియదు. జూన్ దాకా టైముంది" అని మేనేజర్తో చెప్పి, మళ్ళీ తినడం మొదలెట్టాడు. అంతే! బాణాసంచా లేదు, చిచ్చుబుడ్డి లేదు, తడిసిన అగ్గిపుల్ల.

ఇలాంటివాడితో నలభై ఏళ్ళు ఎలా మాట్లాడాలి? నాకు భయంగా ఉంది వదినా. నవ్వుతూ రాస్తున్నాను కానీ నిజంగానే భయంగా ఉంది.

నీ ఆడపడుచు

*

మందుల షాపు
ఏప్రిల్ 9

అమ్మాయ్,

చూశాను. రెండుసార్లు.

ముందు నిజం ఒప్పుకుంటాను: నవ్వీ నవ్వీ డొక్కలు పట్టేశాయి. బాతు పోలీసాయన టోపీలో కూచున్నప్పుడు కుర్చీలోంచి జారాను. ఇంకోటి కూడా గమనించాను. వాళ్ళిద్దరూ అంత వేగంగా తిట్టుకుంటున్నారే, ఒకళ్ళన్న ఒక్క మాట ఇంకొకళ్ళు వదిలిపెట్టరు. నేలన పడకుండా పట్టుకుంటారు. అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్ళు నా జన్మలో లేరు. ఆ పిల్ల ఎందుకు దూకిందో నాకు అర్థమైంది. నేనైనా దూకేదాన్ని.

ఇప్పుడు తిట్టనివ్వు. రెండో భాగంలో పటాలవాడు ఆమెని బీరువాలో పెట్టి తాళం వేస్తే మనం నవ్వాలట. లోపల్నుంచి తలుపు బాదుతుంటే వెనక సంగీతం. మొదట్లో విమానం నడపడం నేర్చుకుంటానన్న పిల్ల చివరికొచ్చేసరికి "మీ పటాలకి రంగులేస్తాను" అంటుంది, విమానం ఊసే లేదు. బాతేమైనా మింగిందా దాన్ని? ఇంకా ఆ లాడ్జి నడిపే ఆవిడ. ఆవిడ అద్దాలు పగిలాయి, పరుపులు చిరిగాయి, మెట్ల మీద కూచుని ఏడ్చింది. అది చూపించి నవ్వించి, మళ్ళీ ఆవిడ మొహం చూపించలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. సినిమా పిల్లి వైపు నుంచి తీశారు.

చివరగా నీ సంగతి. "ఈవిడకి నేనింకా తెలియదు, జూన్ దాకా టైముంది." ఈ మాట చదివి నేను కౌంటరు దగ్గర పకపకా నవ్వాను. మాటలు కోసి అతికించే ఉద్యోగం చేస్తున్నావు, ఇంత మంచి మాట నీ చేత్తోనే రాసి చూసుకోకుండా దాటిపోయావా? అతను నెమ్మదిగా అన్నాడని వినపడలేదా?

పరీక్షలు పెట్టడం ఆపు. పరీక్ష పెట్టేవాళ్ళకి పాఠం వచ్చుండాలి.

వదిన

*

హెడ్‌ఫోన్ల గది
మే 6

వదినా,

ఆలస్యానికి క్షమించు. పని ఎక్కువైంది. బాసు రోజూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడుతున్నాడు.

ఇక్కడ చిన్న పొరపాటు జరిగింది, పెద్దదేం కాదు. కళ్ళజోళ్ళాయన షాపులో ఒక తమాషా చేశాను. అనుకున్నట్టు రాలేదు. సర్దుకుంటుందిలే.

ఇంటికి ఫోన్ చేస్తే నువ్వెప్పుడూ ఉండవేం? మొన్న చేస్తే అన్నయ్య "మీ వదిన స్నానంలో ఉంది" అన్నాడు. నిన్న చేస్తే మళ్ళీ స్నానం. ఇవాళ కూడా స్నానమే. "చేపని చేసుకున్నావా అన్నయ్యా?" అంటే ఒకటే నవ్వు. కానీ తర్వాత ఒక్క క్షణం ఏమీ అనలేదు. అన్నయ్య ఏమీ అనకపోవడం నేనెప్పుడూ వినలేదు.

అంతా బాగానే ఉంది కదా?

నీ ఆడపడుచు

*

మందుల షాపు మేడ మీది గది
మే 13

అమ్మాయ్,

ఈసారి పైన అడ్రసు పూర్తిగా రాశాను, చూడు. ఫిబ్రవరి నుంచి ఇక్కడే ఉంటున్నాను. ఒక మంచం, ఒక స్టవ్వు, కిటికీ తెరిస్తే కింద షాపు బోర్డు వీపు. స్నానానికి బకెట్టు ఒకటే కాబట్టి మీ అన్నయ్య చెప్పినంతసేపు చెయ్యడం లేదు.

నీకు చెప్పకపోవడం తప్పే. నీ పెళ్ళి అయ్యాక చెబుదామనుకున్నాను. కానీ నువ్వు ఐసు లారీ ఐసు లారీ అంటుంటే మింగలేకపోతున్నాను.

పోయిన జనవరిలో నాకు పిత్తాశయం తీశారు కదా. డిశ్చార్జి రోజు పదకొండింటికి వస్తానన్నవాడు రెండు దాటాక వచ్చాడు. నేను బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వరండా బెంచీ మీద మూడు గంటలు కూచున్నాను. నర్సు వచ్చినప్పుడల్లా "వచ్చేస్తున్నారు" అన్నాను. వచ్చాక ఎందుకు ఆలస్యమైందో చెప్పడం మొదలెట్టాడు. దారిలో ఎవరిదో గుర్రపు బండి, అందులో ఎవరిదో అత్తగారు... నర్సులు గోడకి ఆనుకుని నవ్వారు. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. నవ్వితే కుట్లు పిగులుతాయని ఆవిడే నాకు చెప్పింది. నేను రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "ఆపండి, నొప్పిగా ఉంది" అన్నాను. ఆయన "చూశారా, మా ఆవిడకి నవ్వంటేనే నొప్పి" అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు.

చెడ్డవాడు కాదు. చెయ్యి చేసుకోడు, తాగడు. నీ సినిమా తొంభై ఒక్క నిమిషాలు. నేను పద్నాలుగేళ్ళుగా తొంభై రెండో నిమిషంలో ఉంటున్నాను. అందులో డైలాగులు అలాగే ఉంటాయి. రాసుకోవడానికి ఎవరూ ఉండరు.

ఇంకో మాట. ఐసు లారీ ఎక్కిన రోజు నేను వదిలేసి వచ్చిన పెళ్ళికొడుకు, ఆ తపాలా ఆఫీసాయన పేరు మన ఇంట్లో ఎవరికైనా గుర్తుందా? నేనే రెండు రోజులు ఆలోచించాను. రాలేదు.

ఇప్పుడు నీ వంతు. "చిన్న పొరపాటు" అంటే ఏమిటో రాయి. మందుల షాపుదాన్ని. చిన్నది అంటూ వచ్చేవాళ్ళ దగ్గరే పెద్ద రోగాలుంటాయి.

వదిన

*

ఇల్లు
మే 20

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. నీ గురించి ఏం రాయాలో నాకు తెలియడం లేదు. ఆ గుర్రపు బండి కథ అన్నయ్య నాకూ చెప్పాడు. నేనూ నవ్వాను. నువ్వు బెంచీ మీద ఉన్నావని ఆ కథలో లేదు.

నా సంగతి రాస్తాను. నవ్వించేలా రాయను.

ఏప్రిల్ ఆఖరున షాపుకి వెళ్ళాను. ఆయన లోపల గదిలో అద్దం సానబడుతున్నాడు. బల్ల మీద ట్రేలో తయారైన కళ్ళజోళ్ళు, కవర్ల మీద పేర్లు. నేను రెండు జోళ్ళని ఒక కవరులోది ఇంకో కవరులో పెట్టాను. ఆయన కనుక్కుంటాడు, ఎవరో ఒకళ్ళు అప్పటికే తీసుకుని వెళ్ళిపోయుంటారు, ఇద్దరం వీధిలో పరుగెడతాం, అని. సినిమాలోలాగా.

ఆయన కనుక్కోలేదు. తన చేత్తో పేరు రాసిన కవరు కదా, ఎందుకు అనుమానిస్తాడు? టైలరమ్మ ఒకావిడ వచ్చింది. ఆసుపత్రి కర్టెన్లు, కోట్లు కుడుతుంది. పెట్టుకుని "మసగ్గా ఉంది బాబూ" అంది. "కొత్తవి కదమ్మా, రెండు రోజుల్లో అలవాటవుతాయి" అన్నాడు. అందరికీ అదే చెబుతారు వదినా, నిజం కూడా. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిచాను. ఇంతలో ఇంకొకళ్ళు వచ్చారు, ఆవిడ వెళ్ళిపోయింది. పరుగెత్తాల్సింది అప్పుడు. పరుగెత్తలేదు.

మర్నాడు కుట్టు మిషను సూది ఆవిడ చూపుడువేలిలోకి దిగి గోరుదాకా చీల్చింది.

ఆయన షాపు మూసేసి రెండు రోజులు అద్దాలు సానబట్టే తన మిషను విప్పి చూసుకున్నాడు, ఎక్కడ తప్పు చేశానా అని. నేను పక్కనే కూచుని టీ ఇచ్చాను. మూడో రోజు, రెండో జోడు ఎవరూ తీసుకెళ్ళకముందే, చెప్పాను.

విప్పిన మిషను ముక్కలు ఒక పక్కకి జరిపాడు. తర్వాత అన్నాడు: "మీరు నన్ను పరుగెత్తించాలనుకున్నారు. మధ్యలో ఆవిడ వేలు ఎందుకొచ్చిందండీ?" నేను ఏడ్చాను. "నాకు కోపం రావడానికి టైం పడుతుంది, పోవడానికి ఇంకా పడుతుంది. జూన్ ఇరవై వద్దు" అన్నాడు. గొంతు పెంచలేదు. నేను ఏదన్నా విసిరికొడతాడేమో అని చూశాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నాకు తలుపు గొళ్ళెం తీశాడు.

ఇప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళి ఏం చెప్పాలి?

నీ ఆడపడుచు

*

మేడ మీది గది
మే 26

అమ్మాయ్,

ఆయన దగ్గరికి కాదు. టైలరమ్మ దగ్గరికి వెళ్ళావా? ఉత్తరమంతా ఆ మాట కోసం వెతికాను, దొరకలేదు. చేజారిన పెళ్ళికొడుకు కోసం ఏడుపు నాలుగు లైన్లు, చీలిన వేలికి ఒక లైను. నువ్వింకా ఆ సినిమాలోనే ఉన్నావు.

పూలూ పళ్ళూ పట్టుకెళ్ళకు. ఆవిడ కుట్టాల్సిన కర్టెన్లు ఎన్ని మిగిలాయో అడుగు. నీకు చేతులు రెండూ బాగానే ఉన్నాయి కదా.

కటువుగా రాశాను. పన్నెండో ఏటి నుంచీ నిన్ను పెంచినదాన్ని కాబట్టి రాశాను. నిద్ర పట్టకపోతే ఫోన్ చెయ్యి. నేను స్నానంలో ఉండను.

వదిన

*

టైలరింగ్ షాపు, వెనక గది
జులై 2

వదినా,

ముప్ఫై ఒక్క కర్టెన్లు మిగిలాయి. రోజూ ఆఫీసు అయ్యాక వచ్చి అంచులు కుడుతున్నాను. నా కుట్టు చూసి టైలరమ్మ "పాము పాకినట్టుంది" అంటుంది, ఊడదీయిస్తుంది, మళ్ళీ వేయిస్తుంది.

మొదటి రోజు జరిగింది చెప్పాలి. నేనే మార్చానని చెప్పాను. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"తమాషాకా?" అంది.

"తమాషాకే."

"ఎవరికి?"

ఆవిడ ఎడం చేత్తో మిషను చక్రం రెండుసార్లు ఊరికే తిప్పింది. "పాతికేళ్ళు నేను కుట్టాను, ఇప్పుడు నన్ను కుట్టారు. ఆరు కుట్లు, అన్నీ వంకరే. నా షాపులో అయితే ఆ డాక్టర్ని పనిలో పెట్టుకోను" అంది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. "నవ్వు, నేనన్నదానికి నవ్వొచ్చు" అంది. "రేపు ఆరింటికి రా. నిన్ను మన్నించానని కాదు, కర్టెన్లున్నాయని."

పోయిన వారం ఆవిడకి సినిమా చూపించాను. బాతుకి బాగానే నవ్వింది. లాడ్జి ఆవిడ మెట్ల మీద ఏడ్చాక, "ఈవిడ మళ్ళీ రాదా?" అని అడిగింది. రాదన్నాను. అయినా చివరిదాకా చూస్తూనే ఉంది. అయిపోయాక, "నీ అక్షరాలు చదువుదామనేసరికి పారిపోతున్నాయి. చదివేవాళ్ళ కోసం రాశావా, నీ ముచ్చట కోసమా?" అంది. పదకొండు వందల నలభై లైన్లూ మళ్ళీ మొదట్నుంచీ రాస్తున్నాను. సగం చమత్కారాలు కోసేశాను. ఒక్కోటి కోస్తుంటే ప్రాణం పోతోంది. బాసు మాత్రం మొదటిసారి "బాగుంది" అన్నాడు. నెల రోజుల గడువు దాటినందుకు తిట్టి మరీ అన్నాడు.

నిన్న కళ్ళు మంటలెత్తి కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. వేరే షాపు లేక కాదు. ఆయన కుర్చీ చూపించాడు. "పెళ్ళి మాట ఎత్తకండి. కళ్ళు చూపించుకోండి" అన్నాడు. నలభై నిమిషాలు. ఇది బాగుందా, ఇది బాగుందా, మళ్ళీ మొదటిది పెడతాను చూడండి. ఒక్కసారీ విసుక్కోలేదు. నేను తప్పు అక్షరం చదివితే చదవనిచ్చాడు. చివర్లో చీటీ రాస్తూ, "దూరానివి బాగానే కనిపిస్తున్నాయి మీకు. దగ్గరివే కష్టం" అన్నాడు. తలెత్తలేదు. అది వైద్యమో వెటకారమో అడగలేదు. నవ్వొచ్చింది, నవ్వాను. ఆయన పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ రాసింది.

అంతే వదినా. దీన్ని నేను ఇంకోలా రాయగలను, రాయడం లేదు. మంగళవారం వచ్చి కళ్ళజోడు తీసుకోమన్నాడు.

నీ సంగతి రాయి. అన్నయ్య వచ్చాడా?

నీ ఆడపడుచు

*

మేడ మీది గది
జులై 10

అమ్మాయ్,

వచ్చాడు. మొన్న శనివారం, షాపు కిటకిటలాడుతున్న వేళ. పక్కనుంచి రాకుండా వరుసలో నిలబడ్డాడు, ముందు ఆరుగురు. అదే మొదటి వింత. ఆయన దేనికీ వరుసలో నిలబడిన మనిషి కాదు.

వంతు వచ్చాక చీటీ ఇచ్చాడు. డాక్టర్లు రాసే కోడిగీతల్లో రాశాడు. మెల్లగా కూడబలుక్కుని చదివాను: "భార్య. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, భోజనం తర్వాత."

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అంటే ఇద్దరు భార్యలా?" అన్నాను. నోరు జారింది. పద్నాలుగేళ్ళ అలవాటు.

"పొద్దున తిట్టే ఆవిడ, సాయంత్రం తిట్టే ఆవిడ. రెండూ ఒకే కంపెనీవేనండీ" అన్నాడు.

వరుసంతా గొల్లుమంది. అలిగి వెళ్ళిన దగ్గు మందు పెద్దాయన మళ్ళీ వచ్చాడులే, ఆయన నవ్వలేక దగ్గలేక గోడ పట్టుకున్నాడు. నేనూ నవ్వాను. దాచుకోను, కౌంటరు పట్టుకుని నవ్వాను. కుట్లు ఎప్పుడో మానిపోయాయి, ఎక్కడా నొప్పి లేదు.

నవ్వు ఆగాక చీటీ తిప్పి ఇచ్చేశాను. "ఈ మందు మా దగ్గర స్టాకు లేదండీ" అన్నాను.

దానికి జవాబుంటుందని అందరూ ఆయన వంక చూశారు. నేనూ చూశాను. నోరు తెరిచాడు. అమ్మాయ్, ఆయన దగ్గర ఏమీ లేదు. చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "బాగున్నావా?" అన్నాడు. అది నటన కాదు. ఆ గొంతు నేను ఇంతకుముందు వినలేదు. "బాగున్నాను" అన్నాను. వెనకున్నావిడ జ్వరం మాత్రలు అడిగింది, ఇచ్చాను. తలెత్తేసరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం షట్టరు దించి పైకి వచ్చాను. స్టవ్వు మీద నీళ్ళు పెట్టి కూచుంటే ఆ "ఒకే కంపెనీ" గుర్తొచ్చింది. మంచం మీద పడి ఒక్కదాన్నే నవ్వాను, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా.

తర్వాత లేచి తలుపు గడియ వేసుకున్నాను.

వదిన